కరెంటు పోయినా రాయి ఆగదు: మాగ్నెట్ చక్ కంట్రోల్ మీద ఒక పాఠం

ఏ మెషిన్ మీదైనా ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఏం జరగాలి? క్లాసులో అడిగితే అందరం ఒకటే చెబుతాం, "అన్నీ ఆగిపోవాలి" అని. మిక్సీ, ఫ్యాను, పిండిమర, పంపుసెట్టు, ఏది తీసుకున్నా ఆపేస్తే ఇక భయం లేదనే మనకి అలవాటు. ఈ అలవాటు పనికిరాని మెషిన్ ఒకటుంది. దాని పేరు సర్ఫేస్ గ్రైండర్. అందులో ఇనుప ముక్కని పట్టుకునేది విద్యుదయస్కాంతం. కరెంటు ఉన్నంతసేపే ఆ పట్టు. పైన తిరిగే రాయికి మాత్రం కరెంటు పోయినా ఆ ఊపు చాలాసేపు ఉంటుంది. అంటే అన్నిటినీ ఒకేసారి ఆపేస్తే ముక్కని పట్టుకున్న చెయ్యి వదిలేస్తుంది, ముక్కని తన్నే కాలు మాత్రం ఆగదు!

నేను చదివేది కంప్యూటర్ సైన్స్. ఇది మెకానికల్ వాళ్ళ టాపిక్ కదా అని పేజీ తిప్పేయకండి. ఇందులో సగం ఎలక్ట్రికల్, మిగతా సగం మనదే: స్టేట్స్, కండిషన్లు, ఏది ముందు ఏది తర్వాత. తేడా ఒక్కటే. మన ప్రోగ్రాంలో ఆర్డర్ తప్పితే స్క్రీన్ మీద ఎర్రర్ వస్తుంది, ఇక్కడ తప్పితే వేలు పోతుంది.

మాది పెదవేగి. ఊరి పేరు చెబితే కొందరికి వేంగి రాజధాని గుర్తొస్తుంది, కొందరికి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ గుర్తొస్తుంది. చుట్టూ ఆయిల్‌పామ్ తోటలు, తాడేపల్లిగూడెం వైపు రైస్ మిల్లులు, కిందికి పోతే కొల్లేటి పక్క చెరువుల్లో తిరిగే ఏరేటర్లు. అన్నీ తిరిగే యంత్రాలే. తిరిగేది అరుగుతుంది, అరిగింది ఎక్కడో ఒక మెషిన్ షాపుకి చేరుతుంది. సెలవుల్లో ఏలూరులో తెలిసినవాళ్ళ షాపుకి వెళ్తూ వస్తూ నేను నేర్చుకున్నది, పుస్తకంలో చదివింది కలిపి ఈ పాఠం రాస్తున్నాను.

బెడ్డు, జాబు, రాయి

ముందు షాపు భాష. 'జాబు' అంటే ఉద్యోగం కాదు, అరగదీయాల్సిన ముక్క. 'రాయి' అంటే గ్రైండింగ్ వీల్. 'మాగ్నెట్' అన్నా 'బెడ్డు' అన్నా మాగ్నెట్ చక్కే. సికింద్రాబాద్‌లో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ లాంటి కంపెనీలు తయారుచేసిన గ్రైండర్లలో చూస్తే, టేబుల్ మీద చదునుగా కూర్చున్న దిమ్మె అది.

దాని ఉక్కు పెట్టె లోపల రాగి తీగ చుట్టిన కాయిల్స్ ఉంటాయి. పైపలకలో ఉక్కు పట్టీలు, వాటి మధ్య ఇత్తడి లాంటి అయస్కాంతానికి అంటని లోహపు పట్టీలు ఉంటాయి. కాయిల్‌లో కరెంటు పారితే ఒక ఉక్కు పట్టీ ఉత్తర ధ్రువం, పక్కది దక్షిణ ధ్రువం అవుతాయి. జాబు ఆ రెండిటి మీదా వంతెనలా పడాలి. అప్పుడే అయస్కాంత బలరేఖలు జాబు గుండా పోయి చుట్టు పూర్తి చేస్తాయి. ఒకే ధ్రువం మీద కూర్చున్న చిన్న ముక్కకి పట్టు దాదాపు ఉండదు.

ఇనుము కానివాటికీ ఇది పనిచేయదు. రాగి, ఇత్తడి, అల్యూమినియం, వంటింటి గిన్నెల్లో వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, వీటిని బెడ్డు పట్టుకోదు. మా ఊళ్ళో దొరికిన శాలంకాయన రాజుల రాగి శాసనాన్ని దీని మీద పెడితే అలా జారిపోతుందంతే. అలాంటివాటికి వైస్ వాడాలి.

పట్టు ఎంత?

ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది. అయస్కాంత పట్టు ఫ్లక్స్ సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది. సాంద్రత 1 టెస్లా ఉంటే, అది తగిలిన ప్రతి చదరపు సెంటీమీటరుకీ సుమారు 4 కిలోల లాగుడు. అదే 0.5 టెస్లాకి పడిపోతే పట్టు సగం కాదు, నాలుగో వంతు, అంటే 1 కిలో. కాబట్టి 'కొంచెం తగ్గింది' అనుకున్నది చేతికొచ్చేసరికి చాలా తగ్గిపోతుంది.

ఆ తగ్గుదల ఎక్కణ్ణుంచి వస్తుంది? ముఖ్యంగా గాలి ఖాళీ నుంచి. జాబు అడుగున ఒక చిన్న బర్, రాయి పొడి, వంగిన పలక, ఏదైనా సరే జాబుకీ బెడ్డుకీ మధ్య వెంట్రుక మందం ఖాళీ తెచ్చిందంటే ఫ్లక్స్ పడిపోతుంది. ఇనుములో హాయిగా పారే బలరేఖలకి గాలి దాటడం మహా కష్టం. అందుకే షాపులో జాబు పెట్టే ముందు అరచేత్తో బెడ్డుని తుడుస్తారు. గుడ్డకి తెలియని ఇసుక రేణువు అరచేతికి తెలుస్తుంది. అయితే ఇది రాయి పూర్తిగా ఆగి ఉన్నప్పుడే, చేతికి గుచ్చుకునే చువ్వలు లేవని చూసుకున్నాకే.

ఇంకో మెలిక ఉంది. పైన చెప్పిన 4 కిలోలు నిలువుగా కిందికి లాగే బలం. రాయి జాబుని తోసేది పక్కకి. పక్కకి ఆపేది రాపిడి మాత్రమే. కూలెంటు పారుతున్న నునుపైన ఉక్కు మీద రాపిడి గుణకం 0.1, 0.2 మధ్య అనుకుందాం. 10 చదరపు సెంటీమీటర్లు తగిలే ముక్కకి నిలువు పట్టు 40 కిలోలు, కానీ పక్కకి తట్టుకునేది 4 నుంచి 8 కిలోలే. ఇక రాయి సంగతి. 200 మిల్లీమీటర్ల వ్యాసంతో నిమిషానికి 2850 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకి దాదాపు 30 మీటర్లు, గంటకి 107 కిలోమీటర్లు. హైవే మీద కారు వేగం. ఆ వేగం ముందు 4 కిలోల ఆసరా అంటే భయం వెయ్యాలి.

అందుకే అనుభవం ఉన్నవాళ్ళు చిన్న జాబు, పొడుగ్గా నిలబడే జాబు పెట్టినప్పుడు దాని చుట్టూ జాబుకన్నా కొంచెం ఎత్తు తక్కువ ఉక్కు పట్టీలు గోడల్లా పెడతారు, ముఖ్యంగా రాయి తోసే వైపు. ఆ పట్టీలనీ మాగ్నెట్టే పట్టుకుంటుంది కాబట్టి అవి వెడల్పుగా, ఎక్కువ ధ్రువాల మీద పడేలా ఉండాలి.

ప్యానెల్ తలుపు వెనక

ఇంటి కరెంటు ఏసీ. 50 హెర్ట్జ్ అంటే సెకనుకి 100 సార్లు సున్నా గుండా పోతుంది. అలాంటి కరెంటిస్తే పట్టు వణుకుతుంది, ఇనుము వేడెక్కుతుంది. అందుకే చక్ కంట్రోల్ ముందు ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజీ తగ్గించి, నాలుగు డయోడ్ల బ్రిడ్జితో డీసీగా మారుస్తుంది. 110 వోల్టుల డీసీ మామూలుగా కనిపించేది. దాని తర్వాత పట్టు పెంచి తగ్గించే నాబ్, డీమాగ్ స్విచ్, అమ్మీటర్, ఫ్యూజులు.

ఇందులో అసలు ప్రమాదం కాయిల్. కాయిల్‌కి కరెంటు మారడం ఇష్టం ఉండదు. బలవంతంగా తెంపితే ఎదురు తిరుగుతుంది. ఒక లెక్క వేద్దాం. 1 హెన్రీ కాయిల్‌లో 2 ఆంపియర్లు పారుతున్నాయి. 1 మిల్లీసెకనులో తెంపాం. పుట్టే వోల్టేజీ ఇండక్టెన్సు ఇంటూ కరెంటు మారే రేటు, అంటే 2000 వోల్టులు! సప్లై 110 వోల్టులే కదా అనుకుని డీసీ వైపు వైరు ఊడబీకితే ఆ 2000 మెరుపై కాంటాక్టుల మధ్య దూకుతుంది, లేదా కాయిల్ ఇన్సులేషన్‌ని పొడుస్తుంది, లేదా వైరు పట్టుకున్న వేళ్ళలోకి వస్తుంది.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, స్విచ్చింగ్ ఏసీ వైపు చేయడం. అప్పుడు కాయిల్ కరెంటు బ్రిడ్జి డయోడ్ల గుండానే తిరుగుతూ మెల్లగా చచ్చిపోతుంది. రెండు, డీసీ వైపు తెంపక తప్పనప్పుడు కాయిల్‌కి అడ్డంగా డిశ్చార్జి రెసిస్టరో వారిస్టరో పెట్టి ఆ శక్తికి వేరే దారి చూపించడం. ప్యానెల్‌లో నల్లగా మాడిన చిన్న రెసిస్టర్ కనిపిస్తే "ఇది లేకపోయినా నడుస్తోందిగా" అని వదిలేయకండి. నడిచేటప్పుడు దానికి పెద్దగా పనుండదు. దాని అవసరం ఆపేటప్పుడే.

ఇంకో మాట. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది కాబట్టి షాక్ కొట్టదు అనే ధీమా ఇక్కడ చెల్లదు. విడి ట్రాన్స్‌ఫార్మర్ దాటాక జరిగే లీకేజీని ముందున్న ఆర్‌సీసీబీ చూడలేదు. చక్ బాడీకి ఎర్త్ వైరు గట్టిగా ఉందా లేదా అన్నది విడిగా చూసుకోవాల్సిందే.

లైటు చెప్పేది ఎవరి సంగతి?

షాపులో మాగ్నెట్ నడిపే పెద్దాయన్ని ఒకసారి అడిగాను. "పచ్చ లైటు వెలుగుతోందిగా బాబాయ్, మళ్ళీ జాబుని చేత్తో నెట్టి చూడ్డం ఎందుకు?"

ఆయన నవ్వి, "లైటు స్విచ్చి సంగతి చెబుద్దిరా అబ్బాయ్, బెడ్డు సంగతి కాదు," అన్నారు.

సెమిస్టరంతా చదివినా ఇంత సూటిగా అర్థం కాలేదు నాకు. కమాండ్ వేరు, స్టేట్ వేరు. మనం 'ఆన్' అని చెప్పాం అన్నది ఒక నిజం. అది ఆన్ అయ్యింది అన్నది ఇంకో నిజం. ఆ ప్యానెల్‌లో లైటు వోల్టేజీకి కట్టి ఉంది. టేబుల్‌తో పాటు అటూ ఇటూ కదిలి కదిలి చక్ కేబుల్ లోపల తెగితే వోల్టేజీ అలాగే ఉంటుంది, లైటు అలాగే వెలుగుతుంది, కాయిల్‌లో కరెంటు మాత్రం సున్నా.

అందుకే మంచి కంట్రోల్ వోల్టేజీని నమ్మదు. కాయిల్‌తో సిరీస్‌లో ఒక కరెంటు రిలే పెడతారు. నిర్ణయించిన కరెంటు నిజంగా పారితేనే అది మూసుకుంటుంది, అది మూసుకుంటేనే రాయి మోటార్, టేబుల్ ఫీడ్ స్టార్ట్ అవుతాయి. మధ్యలో కరెంటు పడిపోతే ఫీడ్ ఆగుతుంది, మోటార్ ఆగుతుంది, హారన్ మోగుతుంది. దీన్నే ఇంటర్‌లాక్ అంటారు. పని ఆగిపోతోందని ఆ రిలేని వైరు ముక్కతో బైపాస్ చేయడం కంటే పెద్ద తప్పు ఈ మెషిన్ మీద లేదు.

కరెంటు ఉన్నా సరే, బెడ్డు మీద ఉన్నది ఇనుమో కాదో, అడుగున మట్టి ఉందో లేదో రిలేకి తెలియదు. అక్కడ బాబాయ్ చెయ్యే సెన్సర్. రాయి తిరగక ముందు జాబుని గట్టిగా నెట్టి చూడాలి. కదిలితే పని మొదలెట్టకూడదు.

మర్చిపోయే స్టేట్

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఈ మెషిన్‌ని స్టేట్ మెషిన్‌గా గీయమంటే మనలో చాలామంది మూడు డబ్బాలు గీస్తాం: ఖాళీ, పట్టు, కోత. నిజానికి ఐదు ఉండాలి.

1. ఖాళీ: మాగ్నెట్ ఆఫ్, రాయి ఆగి ఉంది.
2. పట్టు: మాగ్నెట్ ఆన్, కరెంటు రిలే ఒప్పుకుంది, రాయి ఇంకా ఆగే ఉంది.
3. కోత: మాగ్నెట్ ఆన్, రాయి తిరుగుతోంది, టేబుల్ కదులుతోంది.
4. దిగుడు: రాయి మోటార్‌కి కరెంటు తీసేశాం, కానీ రాయి ఇంకా తిరుగుతోంది. మాగ్నెట్ ఆన్‌లోనే ఉండాలి.
5. విడుదల: రాయి పూర్తిగా ఆగింది. ఇప్పుడు డీమాగ్ చేసి జాబు తీయొచ్చు.

మనం మర్చిపోయేది నాలుగోది. ఎమర్జెన్సీ బటన్ నొక్కితే మెషిన్ మూడు నుంచి ఒకటికి దూకకూడదు, మూడు నుంచి నాలుగుకి రావాలి. అంటే ఫీడు, రాయి మోటారు ఆగాలి, మాగ్నెట్ ఆగకూడదు. నాలుగులో ఉన్నంతసేపు మాగ్నెట్ ఆఫ్ బటన్ నొక్కినా ప్యానెల్ పట్టించుకోకూడదు. రాయి ఆగిందని తెలియడానికి స్పీడ్ సెన్సర్ ఉంటే మంచిది. టైమర్ పెట్టడం సులువే కానీ, బేరింగు కొత్తదైతే రాయి ఇంకా ఎక్కువసేపు తిరుగుతుంది. ఆ సంగతి టైమర్‌కి తెలియదు.

ఇక్కడిదాకా బటన్ సంగతి. మరి మెయిన్ కరెంటే పోతే? గాలివానకి లైను ట్రిప్ అవడం మనకి కొత్త కాదు. అప్పుడు ఎంత బాగా రాసిన లాజిక్కైనా మాగ్నెట్‌ని నిలబెట్టలేదు. ఆ షాపు గోడకి మోకాలెత్తులో ఒక గాటు ఉంది. కరెంటు పోయిన క్షణంలో ఎగిరిన పలక చేసిన గుర్తు అది. రాయికి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడాలనే నియమం ఆ రోజు ఒక మనిషిని కాపాడింది. అయినా, నియమం ఒక్కదాని మీదే ప్రాణం పెట్టకూడదు. దారులు మూడున్నాయి.

మొదటిది, బ్యాటరీ బ్యాకప్. మెయిన్ పోగానే చక్‌కి బ్యాటరీ డీసీ అందుతుంది. రెండోది, ఎలక్ట్రో పర్మనెంట్ చక్. ఇందులో పట్టుకునేది శాశ్వత అయస్కాంతం. కరెంటు కావలసింది పట్టు వేయడానికి, తీయడానికి ఒక్క క్షణం మాత్రమే. మధ్యలో కరెంటు పోయినా పట్టు పోదు. ఖరీదు ఎక్కువ. మూడోది ఏ షాపైనా ఈ రోజే చేయగలిగేది: జాబు చుట్టూ అడ్డు పట్టీలు, టేబుల్ చివర గట్టి రేకు గార్డు, ఆపరేటర్ పక్కకి నిలబడడం. అయితే కరెంటు పోతే అడ్డు పట్టీలకీ పట్టు పోతుంది కాబట్టి గార్డు లేని చోట వాటిని నమ్ముకోకూడదు.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు కూడా జాగ్రత్త. మెషిన్ తనంతట తను స్టార్ట్ అవకూడదు. కాంటాక్టర్ పడిపోయి, మళ్ళీ మనిషి బటన్ నొక్కేదాకా అలాగే ఉండాలి. నొక్కే ముందు రాయిని జాబుకి దూరంగా పైకి ఎత్తాలి, జాబు జరిగిందేమో చూడాలి, మళ్ళీ నెట్టి చూడాలి.

వదిలించుకోవడం

మాగ్నెట్ ఆఫ్ చేసినా జాబు ఒక్కోసారి అంటుకునే ఉంటుంది. ఉక్కులో మిగిలిపోయిన అయస్కాంతం అది. గట్టి టూల్ స్టీల్ అయితే మరీ ఎక్కువ. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలిస్తే బెడ్డు గీసుకుపోతుంది, జాబు ఊడొచ్చి చేతికి తగులుతుంది.

డీమాగ్ స్విచ్ చేసేది కరెంటుని తిరగేయడం. ఒకసారి అటు, తర్వాత కొంచెం తక్కువగా ఇటు, ఇంకా తక్కువగా అటు. ఊగుతున్న ఉయ్యాల మెల్లగా మధ్యలోకి వచ్చి ఆగినట్టు, అయస్కాంతం కూడా తగ్గుతూ తగ్గుతూ సున్నా దగ్గరికి వస్తుంది. ఒక్కసారి పూర్తి బలంతో తిరగేసి వదిలేస్తే అయస్కాంతం పోదు, దిక్కు మారుతుందంతే.

రోజూ, నెలకోసారి

రోజూ: బెడ్డు తుడవాలి. గీతల దగ్గర లేచిన బర్‌ని ఆయిల్ స్టోన్‌తో సమం చేయాలి. కేబుల్ వంగే చోట చూడాలి. పని లేనప్పుడు మాగ్నెట్ ఆన్‌లో వదలకూడదు. రాగి ప్రతి డిగ్రీ వేడికీ సుమారు 0.39 శాతం నిరోధం పెంచుకుంటుంది. కాయిల్ 40 డిగ్రీలు వేడెక్కితే కరెంటు దాదాపు 14 శాతం తగ్గుతుంది, పట్టు నాలుగో వంతు దాకా పోవచ్చు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఇది మామూలు విషయమే.

నెలకోసారి: మెయిన్ ఆఫ్ చేసి, తాళం వేసి, తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే పెట్టుకోవాలి. కాసేపు ఆగి, మీటర్‌తో వోల్టేజీ లేదని చూసుకున్నాకే టెర్మినల్ ముట్టుకోవాలి. కాయిల్ నిరోధం కొలిచి పుస్తకంలో తేదీతో రాయాలి. పోయిన నెలకన్నా బాగా తగ్గితే కాయిల్‌లో చుట్లు షార్ట్ అవుతున్నాయి, అనంతం చూపిస్తే తెగింది. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో కాయిల్‌కీ బాడీకీ మధ్య ఇన్సులేషన్ చూడాలి. దానికి ముందు రెక్టిఫయర్‌ని తప్పనిసరిగా విడదీయాలి, లేకపోతే డయోడ్లు పోతాయి. రీడింగు 1 మెగోమ్ కంటే తక్కువొస్తే వాడకం ఆపాలి. నెలనెలా మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తోందంటే పైపలక అతుకుల్లోంచి కూలెంటు లోపలికి దిగుతోందని అర్థం. కొల్లేటి గాలిలో తేమ మనకి ఎలాగూ ఉంది, దానికి కూలెంటు తోడైతే ఇన్సులేషన్ ఎక్కువ కాలం బతకదు.

గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళని ఈ మెషిన్ దగ్గరికి రానివ్వకూడదు. ఈ మాట షెడ్డు గుమ్మం దగ్గర తెలుగులో రాసి పెట్టాలి.

మీకో లెక్క

చక్ 110 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకుంటుంది. రాయి ఆగడానికి 2 నిమిషాలు పడుతుంది అనుకుందాం. ఆ 2 నిమిషాలు పట్టు నిలబెట్టడానికి ఎంత శక్తి కావాలి? కెపాసిటర్ సరిపోతుందా, బ్యాటరీ కావాలా?

220 వాట్లు ఇంటూ 120 సెకన్లు, 26,400 జౌళ్ళు. 110 వోల్టుల దగ్గర అంత శక్తి దాచాలంటే 4 ఫారడ్‌లకి పైగా కెపాసిటర్ కావాలి, అది చిన్న షాపుకి అయ్యే పని కాదు. అదే బ్యాటరీ లెక్కలో అయితే 7.3 వాట్ అవర్లే. కంప్యూటర్ యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్కదానిలో 84 వాట్ అవర్లు ఉంటాయి. శక్తి ఒక్క బ్యాటరీలోనే ఉంది, వోల్టేజీ కోసం మాత్రం తొమ్మిది సిరీస్‌లో పెట్టాలి, లేదా వోల్టేజీ పెంచే సర్క్యూట్ కావాలి. దీన్ని కాగితం మీదే చేయండి. 108 వోల్టుల డీసీతో హాస్టల్ రూములో ప్రయోగాలొద్దు!

మన బ్రాంచిలో ఈ ఏడాది మినీ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతున్నవాళ్ళు ఒక్కసారి దగ్గర్లోని మెషిన్ షాపుకి వెళ్ళి చూడండి. కరెంటు రిలే ఉందా, దాన్ని ఎవరైనా బైపాస్ చేశారా, కరెంటు పోతే బెడ్డుని ఏం పట్టుకుంటుంది, ఈ మూడు అడగండి. ఎలక్ట్రికల్ ఫ్రెండ్ ఒకరినీ మెకానికల్ ఫ్రెండ్ ఒకరినీ వెంట తీసుకెళ్ళండి. అటెండెన్స్ యాప్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఆ షాపుల్లో పనిచేసేవాళ్ళ చేతులకి మాత్రం ఇలాంటి ఒక చిన్న ప్యానెల్ ఇంకా కావాలి.